రక్తం కనబడితే ఆగాలి

వినోద్‌కు ఇరవై ఎనిమిదేళ్లు. నెల్లూరులోని ఒక వైద్య కళాశాలలో జనరల్ సర్జరీ పీజీ చివరి సంవత్సరం చదువుతున్నాడు. సొంత ఊరు మైపాడు. తండ్రి చెంచయ్యకు ఫైబర్ పడవ ఉంది; ఆయన ఇప్పటికీ స్వయంగా వేటకు వెళతాడు. ఇంటర్మీడియట్ పూర్తయ్యేదాకా సెలవు దినాల్లో వినోద్ కూడా తండ్రితో సముద్రం మీదికి పోయేవాడు. ఎంబీబీఎస్‌లో చేరిన తర్వాత ఇంటికి వచ్చినప్పుడు వల లాగే పనికన్నా చుక్కాని పట్టే పనే అతనికి అప్పగించేవారు. కొడుకు చేయి వణకదని చెంచయ్య నమ్మకం.

ఆ పడవ ఒడ్డు విడిచే తీరు తెలిస్తేనే వినోద్‌కు ఎదురైన ఇబ్బంది అర్థమవుతుంది. అక్కడ పడవను ఇసుక మీది నుంచి నేరుగా నీళ్లలోకి తోస్తారు. ఒడ్డుకు కొద్ది దూరంలో అలలు విరిగి తెల్లగా పొంగే పట్టీ ఒకటి ఉంటుంది. దాన్ని దాటితేనే వేట. దాటడానికి ముందు ఎంతసేపైనా కాచుకోవచ్చు. పెద్ద అలలు వరుసగా వచ్చి పోయి, వాటి వెనక నీరు కాస్త చదునయ్యేదాకా చుక్కాని పట్టినవాడు కదలకుండా చూస్తాడు. ఒకసారి లోపలికి దూరాక మాత్రం ఆగకూడదు. ఇంజన్ వేగం తగ్గితే పడవ అలకు అడ్డం తిరుగుతుంది. అడ్డం తిరిగిన పడవ బోల్తా పడుతుంది. ముఖాన నీళ్లు కొట్టి కళ్లు కనబడకపోయినా ముందుకే పోవాలి. వినోద్ దీన్ని చిన్నతనంలోనే నేర్చుకున్నాడు. ఎప్పుడు నేర్చుకున్నాడో అతనికే జ్ఞాపకం లేదు.

కళాశాల సర్జరీ విభాగంలోకి వర్చువల్ రియాలిటీ యంత్రం అతని రెండో సంవత్సరం చివర్లో వచ్చింది. కళ్లకు బరువైన అద్దాల పెట్టె ఒకటి తగిలించుకుని, ముందున్న బల్లకు అమర్చిన రెండు పిడులను పట్టుకోవాలి. వెంటనే చుట్టూ ఆపరేషన్ థియేటర్ కనిపిస్తుంది. ఎదుట రోగి, తెర మీద కడుపు లోపలి దృశ్యం, చేతుల్లో పనిముట్లు. కోస్తే కోసినట్టే కనిపిస్తుంది, తెగితే రక్తం కారుతుంది. మనిషికి మాత్రం ఏమీ కాదు. విభాగాధిపతి డాక్టర్ ఉషారాణి గారు ఒక నియమం పెట్టారు. యంత్రం మీద పిత్తాశయం ఆపరేషన్‌ను మొత్తం సక్రమంగా చేసి చూపించిన పీజీకే, థియేటర్‌లో అదే ఆపరేషన్‌ను ఆమె పర్యవేక్షణలో చేసే అవకాశం దక్కుతుంది. చూపించలేనివారు కెమెరా పట్టుకునే పనికే పరిమితం.

చిన్న రంధ్రాల గుండా చేసే ఆపరేషన్‌లో కొత్తవారికి మొదట ఎదురయ్యే చిక్కు దిక్కులది. పనిముట్టు కడుపు గోడలోని రంధ్రం దగ్గర ఊనుకుని తిరుగుతుంది కాబట్టి, చేయి కుడికి పోతే లోపలి కొన ఎడమకు పోతుంది. దీనికి అలవాటు పడటానికి చాలామందికి వారాలు పడుతుంది. వినోద్ మొదటి రోజే పనిముట్లను అనుకున్నచోటికే నేరుగా తీసుకువెళ్లాడు. యంత్రం నడిపే టెక్నీషియన్ రూఫస్‌కు అనుమానం వచ్చింది.

“ఏం సార్, ఇంటికాడ ఇట్టాంటిదే ఇంకొకటి పెట్టుకోనుండారా?”

“మా ఇంటికాడ ఉండేది పడవ అన్నా. చుక్కాని పిడి కుడికి నూకితే పడవ ఎడమకి తిరగతాది. ఇదీ అట్నే ఉంది.”

“అయితే మిగతా పీజీలందర్నీ మీ నాయన పడవ ఎక్కిస్తే సరి. నాకు ఈ చాకిరీ తప్పుతాది.”

చిన్న అభ్యాసాలన్నీ వినోద్ తోటివారికన్నా ముందే ముగించాడు. అసలు ఆపరేషన్ దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాడు. పిత్తాశయానికి పోయే సన్నని ధమని పక్కన, చేసేవారు ఊహించని క్షణంలో, యంత్రం రక్తస్రావం కలిగిస్తుంది. తెర ఎర్రబడుతుంది. ఆ క్షణంలో ఉన్నచోటనే అదిమి పట్టి ఆగాలి. రక్తాన్ని పీల్చివేసి, ఎక్కడి నుంచి కారుతున్నదో చూసి, ఆ తర్వాతే రక్తనాళాన్ని మూసే క్లిప్పు వేయాలి. వినోద్ ఆగేవాడు కాదు. తెర ఎర్రబడగానే అతని చేతుల వేగం పెరిగేది. ఎరుపులోనే క్లిప్పు వేసేవాడు. కొన్నిసార్లు అది సరైన చోటే పడేది. ఎక్కువసార్లు కాలేయం నుంచి వచ్చే ప్రధాన పిత్తనాళం మీద పడేది. అది మూసుకుపోయిందంటే, నిజమైన మనిషికి జీవితాంతం వదలని జబ్బు తగిలించినట్టే.

“నువ్వు ఆగడం లేదు వినోద్,” అన్నారు ఉషారాణి గారు, నాలుగైదుసార్లు చూసిన తర్వాత.

“ఆగితే రక్తం ఇంకా పోతుందనిపిస్తుంది మేడం.”

“అదిమి పట్టుకుంటే ఎట్లా పోతుంది? పుస్తకంలో ఏం రాశారు?”

వినోద్ తడుముకోకుండా చెప్పాడు. పుస్తకంలో ఉన్నదంతా అతనికి వచ్చు. పెట్టె కళ్లకు తగిలించుకున్న తర్వాత మళ్లీ అదే జరిగింది. ఉషారాణి గారు నాయుడుపేట వైపు వరి పండించే కుటుంబం నుంచి వచ్చినవారు. సముద్రం గురించి ఆమెకు పెద్దగా తెలియదు. దిక్కుల చిక్కును సులభంగా దాటిన పిల్లవాడు ఆ మెప్పు తలకెక్కి దుడుకుగా తయారయ్యాడని ఆమె అప్పట్లో భావించారు. ఆ మాట అతనితోనే అన్నారు కూడా. తనది దుడుకు కాదని వినోద్‌కు తెలుసు. మరి ఏమిటో తెలియదు.

ఈ సమయంలోనే అతని మేనత్త పిచ్చమ్మకు కడుపునొప్పి మొదలైంది. పిచ్చమ్మ చెంచయ్యకు అక్క. మైపాడు నుంచి పొద్దున బస్సులో చేపల తట్టతో నెల్లూరు వచ్చి, వీధులు తిరిగి అమ్ముతుంది. స్కానింగులో పిత్తాశయంలో రాళ్లున్నాయని తేలింది. ఆపరేషన్ చేయాలని, పక్క శుక్రవారమే చేసేయవచ్చని ఉషారాణి గారు చెప్పారు.

“ఎవురు చేస్తారమ్మా?”

“మా అసిస్టెంట్ ప్రొఫెసర్ ఒకాయన చేస్తాడు. నేనూ ఉంటాను.”

“మావోడు చెయ్యడా?”

“వినోద్ ఇంకా నేర్చుకుంటున్నాడు.”

“ఇన్నేండ్ల నుంచీ నేరస్తానే ఉండాడా! అయితే వాడు నేర్చుకునేదాకా నేనూ ఆగతాలేమ్మా. నా కడుపు ఇంకొకడు చూసేది ల్యా.”

ఉషారాణి గారు నచ్చజెప్పారు. వినోద్ బతిమాలాడు. జాప్యం చేస్తే వాపు వస్తుందని, వాపు వస్తే ఆపరేషన్ కష్టమవుతుందని వివరించాడు. పిచ్చమ్మ తట్ట ఎత్తుకుని బస్టాండుకు వెళ్లిపోయింది. ఇక యంత్రం దగ్గర వినోద్ ఓడిపోయిన ప్రతిసారీ అత్త ఆపరేషన్ వెనక్కి జరుగుతున్నట్టే. అతను పాస్ కావాలి, లేదా అత్త మనసు మార్చుకోవాలి. రెండో దాని మీద ఆశ పెట్టుకోదగిన మనిషి కాదామె.

ఆ తర్వాతి వారం పిచ్చమ్మకు రక్తపరీక్షలు చేయించడానికి చెంచయ్య తోడు వచ్చాడు. పరీక్షల ఫలితాలు వచ్చేలోగా కొడుకు ఎక్కడ పని నేర్చుకుంటున్నాడో చూస్తామని ఇద్దరూ యంత్రం గదికి వచ్చారు. రూఫస్ వారికి కుర్చీలు వేశాడు.

“పెద్దాయనా, నువ్వొకసారి పట్టుకో. మీ అబ్బాయికి మాదిరి వస్తాదేమో చూద్దాం,” అన్నాడు.

“పగిలిపోతే?”

“మీ అబ్బాయే పగలగొట్టలేకపోయినాడు, నీ వల్ల ఏమవతాది.”

చెంచయ్య కళ్లకు పెట్టె తగిలించుకుని కాసేపు తల అటూ ఇటూ తిప్పాడు. “ఏందిరా ఇది, మనిషి పొట్టలో లైటు ఏసినట్టుండారు,” అన్నాడు. పిచ్చమ్మ తెర మీదికి ఒకసారి చూసి, తన పొట్ట మీద చేయి వేసుకుని మొహం తిప్పుకుంది. పిడులు ఎటు నూకితే కొన ఎటు పోతుందో చెంచయ్యకు ఎవరూ చెప్పనక్కరలేకపోయింది. పనిముట్టుతో పిత్తాశయాన్ని పట్టుకుని లాగి, రూఫస్ చెప్పిన చోట గీరడం మొదలుపెట్టాడు. ఉషారాణి గారు తలుపు దగ్గరికి వచ్చి నిలబడిన సంగతి ఆయనకు తెలియదు.

యంత్రం రక్తం కార్చింది. తెర ఎర్రబడింది. చెంచయ్య భుజాలు ముందుకు వంగాయి, కాళ్లు ఎడంగా పాతుకున్నాయి. రెండు చేతులూ ఒక్కసారిగా ముందుకు దూసుకుపోయాయి. వినోద్ ప్రతిసారీ చేస్తున్నది సరిగ్గా అదే. వేగం తప్ప అందులో తేడా ఏమీ లేదు. కొద్దిసేపటికి యంత్రం కూతపెట్టి ఆగిపోయింది.

“ఏమైంది?” అని చెంచయ్య పెట్టె తీశాడు.

“పేషెంటు పోయినాడు పెద్దాయనా.”

“యాడికి?”

“పైకి.”

“అయ్యో! ఎవురి బిడ్డో పాపం,” అంది పిచ్చమ్మ. “నువ్వు ముట్టుకుంటే అంతే చెంచయ్యా. ఇంకెప్పుడూ నన్ను ఆస్పత్రికి తోలకరాబాక.”

ఉషారాణి గారు లోపలికి వచ్చి చెంచయ్య ఎదుట కుర్చీలో కూర్చున్నారు. “ఎర్రగా అయినప్పుడు ఎందుకు ఆగలేదండీ మీరు?” అని అడిగారు. ఆ ప్రశ్నలో తప్పుపట్టడం లేదు.

“ఆడ యాడ ఆగేదమ్మా? కండ్లు కనపడనప్పుడు ఆగితే అడ్డం తిరిగి మునిగిపోమా? ముందుకే పోవాల.”

“ఎక్కడ?”

“అలల్లో.” ఇంత చిన్న సంగతి ఎందుకు అడుగుతున్నారోనన్నట్టు చెంచయ్య కొడుకు వైపు చూశాడు. వినోద్ నేల వైపు చూస్తున్నాడు. పడవను అలలు ఎలా దాటిస్తారో తానే మేడంకు వివరించాడు. కళ్లు కనబడకపోయినా ఆగకూడదు అన్న చోట మధ్యలోనే ఆగిపోయాడు. తన మాటలు తన చెవులకే కొత్తగా వినిపించాయని తర్వాత చెప్పాడు.

“దుడుకు అన్నాను నిన్ను,” అన్నారు ఉషారాణి గారు. “అది కాదు. సరే, ఎందుకో తెలిసింది. తెలిసినంత మాత్రాన చేతులు మారవు కదా. రేపటి నుంచి నువ్వు ఆపరేషన్ చెయ్యొద్దు.”

వినోద్ తలెత్తాడు.

“రక్తం వచ్చేదాకా చెయ్యి. రాగానే అదిమి పట్టుకుని నిలబడు. అంతే. క్లిప్పు వెయ్యడానికి లేదు. నేనో రూఫసో చాలు అనేదాకా అట్లాగే ఉండాలి. చాలు అన్న తర్వాత పెట్టె తీసేసి ఇంటికి పో.”

ఆ అభ్యాసం చూసేవారికి విసుగు పుట్టించేది. వార్డు పని ముగిశాక వినోద్ వచ్చి, పెట్టె తగిలించుకుని, రక్తం కనబడగానే అదిమి పట్టి నిలబడేవాడు. మొదట్లో అతని మోచేతులు బిగుసుకుపోయి కనిపించేవి. పనిముట్టు కొన ఒక్కచోట నిలవక ముందుకు జరిగేది. జరిగిన ప్రతిసారీ రూఫస్ మళ్లీ మొదటికి తీసుకువచ్చేవాడు. “సార్, మీరు నిలబడుండారు సరే, నాకు కాళ్లు లాగతుండాయి,” అనేవాడు. కూర్చునే పని రూఫస్‌ది, నిలబడే పని వినోద్‌ది.

కాచుకోవడం అతనికి కొత్తేమీ కాదు. అయితే ఇంతకాలం అతను కాచుకున్నది లోపలికి దూరకముందు. లోపల ఉండి కాచుకోవడం అతనికి అలవాటు లేదు. ఈ రెండింటి మధ్య తేడా పట్టుబడిన రోజు ఫలానా అని అతను చెప్పలేడు. ఒక సాయంత్రం రూఫస్ చాలు అన్న తర్వాత కూడా అదిమి పట్టుకునే ఉన్నాడని, రెండోసారి పిలిస్తేగాని వినలేదని మాత్రం ఇద్దరికీ జ్ఞాపకం. అదిమి పట్టినంతసేపూ ఎరుపు పెరగడం లేదని అతను ఆరోజు నిజంగా చూశాడు.

ఆ తర్వాతి సోమవారం ఉషారాణి గారు పరీక్ష పెట్టారు. రక్తం వచ్చింది. వినోద్ ఆగాడు, పీల్చివేశాడు, చూశాడు, క్లిప్పు వేశాడు. శుక్రవారం జాబితాలో పిచ్చమ్మ పేరు, ఎదురుగా అతని పేరు చేరాయి. ఆ మాట ఫోనులో చెబితే పిచ్చమ్మ, “నేను చెప్పలా?” అని పెట్టేసింది.

బుధవారం పొద్దున ఆమెను ఆటోలో ఆస్పత్రికి తీసుకువచ్చారు. జ్వరం, ఒకటే వాంతులు, కుడి డొక్కలో చేయి వేయనివ్వని నొప్పి. ఇన్నాళ్ల జాప్యం చేయవలసిన పని చేసింది, పిత్తాశయం వాచింది. ఇక ఆలస్యం చేయకూడదని ఉషారాణి గారు నిర్ణయించారు. ఇది ఇప్పుడు మొదటిసారి చేసేవారికి ఇవ్వదగిన కేసు కాదు. ఆ సంగతి వినోద్‌తో విడిగా చెప్పారు.

“మొదలు నువ్వు పెట్టు. నేను ఇమ్మన్న చోట ఇచ్చెయ్యాలి. ఎందుకు అని అడగకూడదు.”

పిచ్చమ్మకు కూడా ఆ మాటే చెప్పి, అవసరమైతే తానే చేస్తానని ఒప్పించి సంతకం తీసుకున్నారు. నొప్పిలో కూడా పిచ్చమ్మ ఒక మెలిక పెట్టబోయింది. “అత్తా, ఇంక చాలు,” అన్నాడు వినోద్. ఆమె ఊరుకుంది.

లోపల కొవ్వు పొర పిత్తాశయానికి అతుక్కుపోయి ఉంది. వినోద్ దాన్ని కొంచెం కొంచెంగా విడదీశాడు. కెమెరా ఉషారాణి గారు పట్టుకున్నారు. పిత్తాశయం మెడ దగ్గరికి వచ్చేసరికి ఒక సన్నని ధమని చిట్లింది. తెర ఎర్రబడింది. మత్తు ఇచ్చే డాక్టరు తల తిప్పి చూశాడు. వినోద్ ఎడమ చేతి పనిముట్టుతో పిత్తాశయాన్నే ఆ చోట అదిమి ఆగిపోయాడు. “గాజ్,” అన్నాడు. గుడ్డముక్క లోపలికి వచ్చింది. దానితో అదిమాడు. ఎవరూ కదలలేదు. తర్వాత రక్తాన్ని పీల్చివేసి గుడ్డను మెల్లగా తొలగించాడు. ధమని కొన కనిపించింది. క్లిప్పు వేశాడు.

అక్కడితో సరిపోలేదు. వాపు వల్ల లోపలి భాగాలన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉన్నాయి. కోయవలసిన నాళం ఒకటి, తాకకూడనిది ఇంకొకటి; తన ఎదుట ఉన్నది ఏదో అతనికి ఖాయంగా తెలియడం లేదు. అటు నుంచి చూశాడు, ఇటు నుంచి చూశాడు. ఉషారాణి గారు ఇమ్మని ఇంకా అనలేదు.

“మేడం, ఇది ఏ నాళమో నాకు తేలడం లేదు. మీరు తీసుకోండి.”

“నీకు ఏం కనిపిస్తోందో చెప్పు ముందు.”

చెప్పాడు. ఆమె తల ఊపి, కెమెరా అతని చేతికి ఇచ్చి, పనిముట్లు తాను తీసుకున్నారు. నాళాల జోలికి పోకుండా, పిత్తాశయాన్ని పైభాగంలో తెరిచి, రాళ్లు తీసి, మెడ దగ్గరి గోడను కొంత అలాగే వదిలి, లోపలి నుంచి కుట్టి ముగించారు. అంతసేపూ వినోద్ కెమెరాను స్థిరంగా పట్టుకున్నాడు.

మర్నాడు వార్డులో పిచ్చమ్మ దిండుకు ఆనుకుని కూర్చుంది. చెంచయ్య పక్కన నిలబడి ఉన్నాడు.

“నువ్వే కోసినావా?”

“మొదలుపెట్టింది నేను అత్తా. పూర్తి చేసింది మేడం.”

చెంచయ్య ముఖం మారింది. పడవ అలల్లో ఉండగా చుక్కాని చేతులు మారడం ఆయనకు తెలిసినంతలో పరువు తక్కువ పని. “ఆమె లాక్కునిందా?” అని అడిగాడు.

“ల్యా నాయనా. నేనే ఇచ్చినాను.”

“మధ్యలోనా?”

“మధ్యలోనే. నాకు దోవ తెలవలా.”

“మన పాలెంలో ఎవురికీ ఈ మాట చెప్పబాక,” అన్నాడు చెంచయ్య.

“ఎందుకు చెప్పకూడదంట? దోవ తెలవకుండా పోయుంటే నా పేగులు తెంపేవాడు,” అంది పిచ్చమ్మ తమ్ముడితో. “ఆ పొద్దు మిషను కాడ ముందుకు దూకి ఒకడ్ని చంపలా నువ్వు? నేను చూస్తానే ఉండా గదా.”

“అది మిషను గదక్కా!”

“మిషనైతే ఏం, పోయినాడు గదా.”

వినోద్ నవ్వు ఆపుకోవడానికి కేసుషీటు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. అప్పుడే రౌండ్స్‌కు వచ్చిన ఉషారాణి గారు పిచ్చమ్మ కుట్లు చూసి, పక్క మంచానికి వెళుతూ, “వినోద్, వచ్చే శుక్రవారం చిల్లకూరు కేసు నీదే. నేను కెమెరా పట్టుకుంటా,” అన్నారు. మిగతా పీజీలు ఒకరినొకరు చూసుకున్నారు. ముందురోజు థియేటర్‌లో పనిముట్లు ఇచ్చేసినవాడికే ఆమె వెంటనే ఇంకో కేసు ఎందుకు అప్పగించారని వారిలో ఒకరు అడిగితే, “అందుకే,” అని మాత్రం ఆమె జవాబు చెప్పారు.

ఆ కేసు చిల్లకూరు దగ్గర హైవే పక్కన టిఫిన్ హోటల్ నడిపే ఒకామెది. వాపు లేదు, నాళాలు విడివిడిగా కనిపించాయి. వినోద్ మొదటి నుంచి చివరిదాకా చేశాడు.

ఆ సంగతి తెలిసిన నాటి నుంచి పిచ్చమ్మ తన వాడుక ఇళ్లన్నింటి ముందూ తట్ట దించి అతని మీద ఫిర్యాదు చేస్తున్నది. “చూడమ్మా, ఎవురో హోటలామెకైతే పూర్తిగా చేసినాడంట. సొంత అత్తకు సగమే.”